లారీ చాటు పొదుపు

పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా మనకి కొత్త కొత్త యుక్తులు తడుతూ వుంటాయి. వాటిలో ఒకటి పెద్ద లారీ వెనకాలే, దాని తోక పట్టుకున్నట్టు, కారు నడపడం. ఇందులో శాస్త్రం లేకపోలేదు. అసలు చిక్కంతా అక్కడే వుంది. పూర్తిగా అబద్ధమైతే ఎవరూ నమ్మరు గదా!

కిందటి వేసవిలో హైదరాబాదు నుంచి విజయవాడకి మా బావగారి కారులో బయల్దేరాం. వెనక సీట్లో అక్క, యేడాది పాప. నకిరేకల్ దాటాక బావగారు ఒక కంటైనరు లారీ వెనక చేరి, ఆరు మీటర్లకి మించని ఎడంలో పోనిస్తున్నారు. "ఫిజిక్సు చదువుతున్నావు గదా! గాలి తగలకపోతే పెట్రోలు కలిసిరాదటోయ్?" అన్నారు నవ్వుతూ. "నిజమే బావగారూ" అని నేను ఊరుకున్నాను. కాసేపటికి ఆ లారీ చక్రాల మధ్య నుంచి ఓ బండరాయి మా ముందు ప్రత్యక్షమైంది. దారిలో చెడిపోయిన ఏ లారీకో చక్రం కింద అడ్డుపెట్టి, బాగయ్యాక అలాగే వదిలేసి పోయిన రాయి అయివుండాలి. ఎత్తయిన లారీ దాని మీదుగా సాఫీగా వెళ్ళిపోయింది. బావగారు స్టీరింగు ఒక్కసారిగా తిప్పేశారు. పక్కన మరో బండి లేదు కాబట్టి బతికిపోయాం. ఊరుకున్నందుకు సిగ్గుపడి, సూర్యాపేటలో టీ తాగుతూ బిల్లు కాగితం వెనక నేను వేసిన లెక్కే ఈ వ్యాసం.

ముందు లాభం సంగతి చూద్దాం. గాలి నిరోధం వేగం యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లు. మామూలు చిన్నకారు గంటకి 80 కి.మీ. వేగంతో పోతుంటే గాలి నిరోధం సుమారు 200 న్యూటన్లు, టైర్లు దొర్లడంలో వచ్చే నిరోధం సుమారు 140 న్యూటన్లు. అనగా ఇంజను శ్రమలో సగానికి పైగా గాలిని తోసుకుపోవడానికే సరిపోతోంది. లారీ తన మొద్దు మొహంతో గాలిని పక్కలకి నెట్టుకుపోతుంటే, దాని వెనక పీడనం తగ్గుతుంది. అక్కడి గాలి కొంత లారీతో పాటే సాగుతూ వుంటుంది. ఆ చాటున వున్న కారుకి ఎదురుగాలి తక్కువ.

2007లో అమెరికా టెలివిజన్ కార్యక్రమం "మిత్‌బస్టర్స్" వారు గంటకి 55 మైళ్ళ (సుమారు 88 కి.మీ.) వేగంలో దీన్ని పరీక్షించి చూపారు. లారీకి 30 మీటర్ల వెనక ఇంధనం ఆదా 11 శాతం. 15 మీటర్లలో 20. 6 మీటర్లలో 27. 3 మీటర్లలో 39. మరీ దగ్గరికి, రెండడుగుల ఎడానికి పోతే, ఆదా 28 శాతానికి పడిపోయింది. అంత దగ్గర్లో యాక్సిలరేటరు మాటిమాటికీ తొక్కుతూ వదులుతూ వుండవలసి రావడమే కారణం.

ఇప్పుడు ఈ దూరాల్ని కాలంలోకి మార్చండి. ఆ వేగంలో కారు సెకనుకి 24 మీటర్లకి పైగా పోతుంది. కాబట్టి 30 మీటర్లంటే సెకనూ పావు. 15 మీటర్లంటే సుమారు 0.6 సెకను, 6 మీటర్లంటే పావు సెకను. ఎర్రదీపం చూసి, కాలు బ్రేకు మీదికి చేరడానికే మనిషికి ఒకటి నుంచి ఒకటిన్నర సెకను పడుతుంది. అంటే మంచి లాభమున్న చోటల్లా మనిషి చాలడు.

"లారీ బరువైంది, మెల్లగా ఆగుతుంది. మన కారు చిటికెలో ఆగుతుంది గదా" అన్నారు బావగారు. సరే, అదే ఒప్పుకుందాం. రెండూ 80 కి.మీ. వేగంలో వున్నాయి. బ్రేకు వేస్తే లారీ వేగం ప్రతి సెకనుకీ 5 మీ./సె. చొప్పున, కారు వేగం 7 చొప్పున తగ్గుతాయనుకోండి. మన కాలు ఒక్క సెకను ఆలస్యమైతే, ఆ సెకనులో ఎడం 2.5 మీటర్లు తరుగుతుంది. మనం బ్రేకు వేశాక కూడా రెండు వేగాలూ సమానమయ్యేలోగా ఇంకో 6.25 మీటర్లు తరుగుతుంది. మొత్తం 8.75. మన దగ్గరున్నది ఆరే! ఆలస్యం ఒకటిన్నర సెకనైతే దాదాపు 20 మీటర్లు కావాలి. ఇదంతా లారీ బ్రేకు వేసి ఆగితేనే. అది దేన్నయినా గుద్దుకుని ఆగిపోతే ఈ లెక్క కూడా పనికిరాదు. ఇక బండరాయి ఎర్రదీపం చూపించదు.

పైగా అంత దగ్గరున్న కారు లారీ డ్రైవరుకి అద్దాల్లో కనపడదు. లారీ వెనక అంచు మన కారు బానెట్టు కంటే ఎత్తు. కింద అడ్డుకడ్డీ గట్టిగా లేకపోతే కారు ముందుభాగం లారీ కిందికి దూరిపోయి, దెబ్బ నేరుగా అద్దానికి, మనిషి తలకి తగులుతుంది.

మరి పొదుపుకి దారే లేదా? వుంది. 100 కి.మీ. వేగంలో గాలి నిరోధం సుమారు 312 న్యూటన్లు, టైర్లతో కలిపి 452. వేగం 80కి తగ్గిస్తే మొత్తం 340. కిలోమీటరుకి చేసే పని నాలుగో వంతు తగ్గింది! పెట్రోలు సరిగ్గా అంతే తగ్గకపోయినా, లారీకి ఆరు మీటర్ల వెనక దొరికేదానికి ఇది ఇంచుమించు సాటి. ఇంకో మాట. లారీ వెనక చేరినవాడు ముందుగా తన వేగాన్ని లారీ వేగానికి తగ్గించుకుంటాడు. మైలేజీ పెరిగితే పుణ్యం లారీ చాటుకి కట్టబెడతాడు. అందులో పెద్ద వాటా వేగం తగ్గించిన అతని కాలిదే కావచ్చు. 1973లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు అమెరికా ప్రభుత్వం చేసిందీ ఇదే. 1974లో దేశమంతటా 55 మైళ్ళ పరిమితి పెట్టింది. 1995 దాకా ఏదో రూపంలో జాతీయ పరిమితి వుంది.

లారీ చాటు ఎప్పటికీ పనికిరాదని నేననడం లేదు. 2016లో యూరపులో కొన్ని కంపెనీల లారీలు ఒకదాని వెనక ఒకటి దగ్గరగా సాగుతూ రాటర్‌డాం చేరాయి. అక్కడ ముందు లారీ బ్రేకు పడిన సంగతి వైర్‌లెస్ ద్వారా వెనక లారీకి వెంటనే అందుతుంది. మన కారుకీ ముందు లారీకీ మధ్య అటువంటి మాట లేదు.

అందుకని మిత్రులారా, లారీ తోక ఒక కిలోమీటరు రాయిని దాటగానే లెక్కపెట్టండి. మీరు ఆ రాయిని చేరడానికి కనీసం రెండు సెకన్లు పట్టాలి. 80 కి.మీ. వేగంలో అది 44 మీటర్లు. వానలో దానికి రెట్టింపు. మధ్యలో ఎవరైనా దూరితే దూరనివ్వండి, మళ్ళీ వెనక్కి తగ్గండి.

బావగారు ఆ బిల్లు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. సూర్యాపేట నుంచి విజయవాడ దాకా ఏ లారీ తోకా మాకు దగ్గర్లో కనిపించలేదు. నకిరేకల్ దగ్గరే నోరు విప్పి వుంటే ఈ వ్యాసానికి బండరాయి అవసరమయ్యేది కాదు. చదివిన చదువు పరీక్ష కాగితం మీదే కాక, పక్కనున్నవాళ్ళతో చెప్పవలసిన వేళ కూడా నోటికి రావాలి.