బుజ్జి చేతులకు కావలసింది పని

ఏడాది దాటి మూడేళ్లు నిండని పిల్లలున్న ఇంట్లో తరచూ వినబడే మాట: "ఇన్ని బొమ్మలు కొన్నాం, ఒక్కదానితోనూ ఆడదు." అదే పిల్ల వంటింట్లోకి పోయి కింది అరలో గిన్నెలన్నీ బయటికి లాగి, మళ్లీ లోపల పెట్టి, గంటసేపు అలిసిపోకుండా ఉంటుంది. ఆ వయసులో పిల్లలకు వస్తువు కంటే దానితో చేసే పని ఇష్టం. పెట్టడం, తీయడం, పోయడం, తోయడం, మోసుకెళ్లడం, కింద పడేసి చప్పుడు వినడం. మీ పాప చేతులు ఈ మధ్య ఏ పని మీద ఉన్నాయో కొద్ది రోజులు గమనించండి. ఆ పనికి తగిన వస్తువు చాలావరకు ఇంట్లోనే ఉంటుంది. లేదంటే ఏ పెదనాన్నగారింట్లోనో, పక్క ఫ్లాట్‌లోనో అటకమీద ఉంటుంది.

తీసి పెట్టే దశలో ఉన్న పిల్లలకు గాజుల స్టాండును మించిన ఆటవస్తువు లేదని నా నమ్మకం. గాజువన్నీ తీసేసి లోహపువీ, ప్లాస్టిక్‌వీ ఉంచండి. రాళ్లు పొదిగినవి, మెరుపు రాలేవి వద్దు. ఒక్కొక్క గాజునూ తీసి చేతికి ఎక్కించుకుని, మళ్లీ స్టాండుకు తొడిగే ఆటలో కన్నూ చెయ్యీ కలిసి పనిచేస్తాయి. షాపులో రంగు రింగులు పేర్చే బొమ్మ నేర్పేదీ ఇదే. డబ్బా ప్లాస్టిక్ మూతకు చీలిక కోసి, పాత శుభలేఖల అట్టముక్కలు అందులో వేయనివ్వండి. డబ్బా అంచు పదునుగా ఉంటే టేపు చుట్టండి. ఇడ్లీ ప్లేట్ల గుంటల్లో బత్తాయిలు సరిగ్గా కూర్చుంటాయి. అమ్మమ్మ గారింట్లో వామనగుంటల పీట ఉంటే అదీ ఇవ్వచ్చు, చింతపిక్కలు మాత్రం తీసి దాచాలి.

పోయడం మొదలుపెట్టిన పిల్లలకు నీళ్లు. బాల్కనీలోనో పెరట్లోనో వెడల్పాటి బేసిన్‌లో కొద్దిగా నీళ్లు, ఒక చిన్న చెంబు, టీ వడగట్టే జల్లెడ, స్పాంజి ముక్క. ఎండాకాలం సాయంత్రాలకు ఇంతకంటే ఏం కావాలి! కానీ ఒక్క క్షణం కూడా వదిలి వెళ్లకూడదు. ఫోన్ మోగినా, పాలు పొంగినా పిల్లను చంకనేసుకునే వెళ్లండి. బకెట్లో నాలుగు అంగుళాల నీళ్లున్నా తలకిందులుగా పడిన పసిబిడ్డ లేవలేదు. ఆట అయిపోగానే నీళ్లు పారబోసి బేసిన్ బోర్లించండి. కుళాయి రాదని బాత్‌రూమ్‌లో నీళ్లు పట్టి ఉంచే ఇళ్లలో ఆ తలుపుకు పైన గడియ తప్పనిసరి.

పిండి ముద్ద ఇవ్వాలనుకుంటే చపాతీ పిండే చాలు. పసుపుతో పచ్చగా, బీట్‌రూట్ నీళ్లతో గులాబీ రంగులో కలపవచ్చు. నిల్వ ఉండటానికి ఉప్పు బాగా దట్టించి చేసే ముద్దలు మాత్రం ఈ వయసువాళ్లకు వద్దు. నోట్లో పెట్టుకోకుండా ఉండరు, అంత ఉప్పు చిన్న ఒంటికి ప్రమాదం. అట్టపెట్టెకు పిన్నులు, టేపు పీకేసి, లోపల నాలుగు పుస్తకాలు బరువుగా వేసిస్తే ఇల్లంతా తోసుకు తిరుగుతారు. పాత నూలు చీరతో గుడ్డబొమ్మ కుడితే కళ్లకు బొత్తాలు కాకుండా దారంతోనే కుట్టండి. ముంజలు తిన్నాక రెండు కాయల మధ్య పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోసే బండిని తాతలు ఇప్పటికీ చేసిపెట్టగలరు. పుల్లల మొనలున్నాయి కాబట్టి అది పెద్దవాళ్లు పక్కనుండి నడిపించే ఆట.

ఇక పాతబొమ్మల సంగతి. పుట్టిన బిడ్డకు మెత్తబడిన పాత గుడ్డే మొదట చుట్టే ఇళ్లు మనవి. బట్టల దగ్గర లేని మొహమాటం బొమ్మల దగ్గర ఎందుకో! బంధువులు ఇస్తామంటే సంతోషంగా తీసుకోండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడగండి. హైదరాబాద్‌లో ఉంటే ఎర్రగడ్డ ఆదివారం సంత చూడండి. కాకపోతే ఇంటికి తెచ్చిన ప్రతి వస్తువునూ ఆటకు ఇచ్చేముందు తీరిగ్గా పరీక్షించాలి.

మొదటిది పరిమాణం. పిల్లల గొంతులో ఇరుక్కునే వస్తువులను గుర్తించడానికి భద్రతా ప్రమాణాల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కొలత గొట్టం ఉంది. ఇంట్లో అయితే ఒక అట్టముక్కకు నాలుగు సెంటీమీటర్ల వెడల్పు రంధ్రం కోసి దగ్గర పెట్టుకోండి. అందులోంచి జారిపోయేది ఏదైనా మూడేళ్ల లోపు పిల్లలకు అందకూడదు. నీళ్ల సీసా మూతలు ఇందులోకే వస్తాయి, చాలామందికి ఆ అనుమానమే రాదు. పేలిపోయిన బెలూన్ ముక్కలు, గవ్వలు, శనగగింజలు కూడా అంతే. గురివింద గింజలు, ఆముదం గింజలు విషం కూడా.

పాటలు పాడే పాత బొమ్మల్లో బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి. బిళ్లలాంటి చిన్న బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మింగిందన్న అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రంగు పెచ్చులు లేచిన చెక్కబొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా వద్దు, పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. మన దేశంలో అమ్మే కొత్త బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అంతకు ముందటి వాటికి అది లేకపోవచ్చు కనుక వాటిని ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. లాగే బొమ్మకు తాడు జానెడు మించితే కత్తిరించండి. ప్లాస్టిక్‌వి సబ్బునీళ్లతో కడిగి, గుడ్డవి వేడినీళ్లతో ఉతికి మంచి ఎండలో ఆరబెట్టండి. నొక్కితే నీళ్లు చిమ్మే రబ్బరు బాతుల లోపల బూజు కడితే బయటికి కనబడదు, పాతవి తీసుకోకపోవడమే మేలు.

ఎవరిచ్చినా మర్యాదగా వద్దనాల్సింది ఒకటుంది. బిడ్డను మధ్యలో కూర్చోబెట్టే చక్రాల వాకర్. నడక త్వరగా రావడానికి అది తోడ్పడదు, మెట్ల మీంచి పడిపోవడానికి మాత్రం కారణమవుతుంది. కెనడా 2004లోనే దాని అమ్మకాన్ని నిషేధించింది. నిలబడి తోసుకుంటూ నడిచే పాతకాలపు మూడు చక్రాల చెక్కబండి ఎంతో నయం.

ఇలా పోగయ్యాక అన్నీ ఒక్కసారే ముందు పోయకండి. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 36 మంది పసిపిల్లలను ఒకసారి నాలుగు బొమ్మలతో, మరోసారి పదహారు బొమ్మలతో ఆడనిచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. మీరూ నాలుగైదు బయట ఉంచి, మిగతావి సంచిలో కట్టి అటకెక్కించండి. వారానికోసారి మార్చండి. వారం తర్వాత దిగిన బొమ్మను పిల్లలు కొత్తదానిలాగే అందుకుంటారు.

రోజంతా ఇంటిపనితో, ఉద్యోగంతో నలిగిన తల్లిదండ్రులకు ఫోన్ చేతికివ్వడం తేలిక. ఆ అలసట నిజం, దానికి ఎవరినీ తప్పుపట్టలేం. అయినా ఏడాది బిడ్డకు తెర అసలు వద్దనీ, రెండేళ్లు దాటాక కూడా రోజుకు గంట మించవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వంటచేసే ఆ అరగంటకు ముందే ఒక బుట్ట సిద్ధం చేసుకోండి. స్టీలు గిన్నె, చెక్క గరిటె, కడిగి ఆరబెట్టిన కొబ్బరి చిప్ప, నూలు తువ్వాలు. వంటింటి గుమ్మం దగ్గర, మీరు కనబడేచోట కూర్చోబెట్టండి. రెండేళ్లు దాటితే పాలకూర తుంచడానికో, కరివేపాకు దూయడానికో కూర్చుంటారు. సగం నేలపాలైనా ఆ సమయం గడుస్తుంది, మీ మాటలూ వింటుంటారు. గిన్నెను టోపీగా పెట్టుకుంటే సరిదిద్దకండి, ఆట వాళ్లది.

పిల్ల దాటిపోయిన బొమ్మల్ని అటకమీద మగ్గనివ్వకండి. కడిగి, ముక్కలన్నీ ఒకే సంచిలో కట్టి, ఏ వయసుకు పనికొస్తుందో చీటీ రాసి పెట్టి చుట్టాలకో, దగ్గర్లోని అంగన్‌వాడీకో ఇవ్వండి. విరిగినవి, పెచ్చులూడినవి మాత్రం ఎవరికీ ఇవ్వవద్దు.