పొగను విడువలేని సహోదరుడు

పఠింపవలసిన భాగములు: ఆదికాండము 25:29–34, రోమా 7:15–25, గలతీ 6:1–5



పొగ త్రాగువానిని చూచి, “ఇంత కీడని యెరిగియు ఏల మానడు?” అని మనము తరచుగా అనుచుందుము. ఆ మాటను నిందగా గాక ప్రశ్నగానే తీసికొని ఈ మాసము పరిశీలింతము. కారణము తెలియనిదే సహాయము చేయలేము గదా.

అతడు తెలియక త్రాగుటలేదు. 2016 నుండి మన దేశములో సిగరెట్టు పెట్టెమీద 85 శాతము మేర రోగపు బొమ్మయు హెచ్చరికయు అచ్చువేయబడుచున్నవి. 2016–17లో జరిగిన జాతీయ సర్వేలో, పొగ త్రాగువారిలో సగముకంటె ఎక్కువమంది మానవలెనను తలంపు తమకు కలదనిరి. కాబట్టి కొరత తెలివిలో లేదు. మరి ఎక్కడ నున్నది?

1. ఒంటిని పట్టిన దాస్యము

పొగాకులో నికోటిన్ అను పదార్థము కలదు. పొగ పీల్చిన కొన్ని సెకండ్లలోనే అది మెదడును చేరి హాయి పుట్టించును. సుమారు రెండు గంటలలో రక్తమునందలి నికోటిన్ సగమునకు తగ్గిపోవును. అంతట విసుగు, చిరాకు, మనస్సు నిలువకుండుట బయలుదేరును. మరియొకటి వెలిగించగానే అవి అణగును. “ఇది నాకు నెమ్మది నిచ్చుచున్నది” అని అతడనుకొనును. ఆ నెమ్మదిని పోగొట్టినది మునుపు కాల్చినదే యని గ్రహింపడు. తన సొత్తును దొంగిలించినవాని యొద్దనే దానిని ప్రతిదినము వెల యిచ్చి కొనువానివలె నున్నాడు.

వైద్యులకును ఈ సంగతి ఒక్కసారిగా తెలియలేదు. 1964లో అమెరికా ప్రభుత్వపు ప్రధాన వైద్యాధికారి నివేదిక పొగ ఊపిరితిత్తుల క్యాన్సరునకు కారణమని చెప్పెను గాని, పొగ త్రాగుటను అలవాటు అని మాత్రమే పేర్కొనెను. 1988 నాటి నివేదికలో అది వ్యసనమని, హెరాయిన్, కొకెయిన్ వంటి మత్తులవలెనే మనుష్యుని పట్టుకొనునని స్పష్టముగా వ్రాసిరి.

2. చిల్లరగా పోవు ధనము

దినమునకు 50 రూపాయలు పొగకు పోవుననుకొందము. సంవత్సరమునకు 18,250 రూపాయలు. పది సంవత్సరములకు 1,82,500. ఈ మొత్తమును ఒక్కసారి తెచ్చి బల్లమీద పెట్టుమనిన ఏ కూలివాడును పెట్టడు. గాని కిళ్లీకొట్టులో ఒక్కొక్కటి విడిగా కొనునప్పుడు చేతిలోని చిల్లర మాత్రమే కనబడును. పిల్లవాని పుస్తకములును, భార్య మందులును ఆ చిల్లరలోనివే యని ఆ నిమిషమున తోచదు. ఏశావునకు జ్యేష్ఠత్వపు విలువ తెలియక కాదు. ఆకలి ఇప్పుడున్నది, జ్యేష్ఠత్వము తరువాతది. పొగ త్రాగువాని బేరమును ఇట్టిదే.

3. చోటు, వేళ, తోడు

కాఫీ త్రాగిన వెంటనే, పని విరామమున, బస్సు కొరకు నిలుచున్నప్పుడు చేయి దానంతటదే జేబులోనికి పోవును. స్నేహితుడు అందించినదానిని కాదనుట మర్యాద కాదని తోచును. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతపు పల్లెలలో కొందరు స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని త్రాగుదురు. దానిని అడ్డపొగ యందురు. అందువలన అంగిటిలో క్యాన్సరు కలుగుచున్నను, ఇంటి పెద్దలను చూచి నేర్చినది గనుక వారికది వింతగా తోచదు.

4. మన కర్తవ్యము

తాను ద్వేషించుదానినే చేయుచున్నానని పౌలు బాధపడెను. పొగ త్రాగువాని స్థితి అట్టిదే. తప్పిదములో చిక్కినవానిని సాత్వికముతో లేవనెత్తవలెనని ఆయనయే గలతీయులకు బోధించెను. ఎగతాళివలన ఎవడును మానడు. చాటునకు పోయి త్రాగును, అంతే.

మానగోరువాడు ఒక దినము నిర్ణయించుకొని ఇంటివారికి చెప్పవలెను. పెట్టె, అగ్గిపెట్టె ఇంటనుండి తీసివేయవలెను. మొదటి రెండు మూడు దినములు మిక్కిలి కష్టము. రెండు మొదలు నాలుగు వారములలో బాధ చాలవరకు తగ్గును. కోరిక పుట్టినప్పుడు కొన్ని నిమిషములు ఓర్చి, నీళ్లు త్రాగి, నాలుగడుగులు నడచిన అది సడలును. వైద్యుని సలహాతో నికోటిన్ చూయింగ్ గమ్ వాడవచ్చును. 1800-11-2356 అను ప్రభుత్వపు ఉచిత ఫోను నంబరునకు పిలిచిన సలహా లభించును. మానిన ఒక సంవత్సరములో, పొగవలన హెచ్చిన గుండెజబ్బు అపాయము సుమారు సగమునకు తగ్గునని వైద్యులు చెప్పుచున్నారు.

అనేకులు పలుమార్లు ప్రయత్నించిన పిమ్మటనే విడువగలిగిరి. కాబట్టి మన సహోదరుడు పదవ దినమున తిరిగి వెలిగించినయెడల, “ముందే యెరుగుదుము” అనక, పదునొకండవ దినమున అతని యింటికి వెళ్లుదము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఏశావు బేరమునకును మన దినవారీ ఖర్చులకును పోలిక ఏమి?
2. పొగ మానగోరువానికి అతని యింటివారు మొదటి వారములో ఏ విధముగా తోడ్పడగలరు?
3. మన సంఘములో ఎవరి భారమును మనము భరింపక విమర్శించి విడిచితిమి?