నాదమునకు కొయ్య యేమి చేయును?

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో శ్రుతిదండమును చూడని ఉన్నత పాఠశాల విద్యార్థి యుండడు. దానిని రబ్బరు దిమ్మపై కొట్టి చేతితో పట్టుకొన్నచో, చెవి దగ్గరకు చేర్చినగాని ధ్వని వినబడదు. కాడను బల్లపై నానించినచో గదియంతయు వినబడును. ఇంతవరకు అందరును ఎఱిగినదే. రెండవ సంగతిని గమనించువారు మాత్రము తక్కువ. చేతిలో నున్నప్పుడు చాలసేపు మ్రోగిన దండము బల్లపై నానించిన తరువాత త్వరగా మూగవోవును. బల్ల దానికి క్రొత్తగా శక్తి నేమియు ఈయలేదు. దండములో నున్న శక్తినే వడిగా గాలికి పంచిపెట్టినది. కొంత తానే మ్రింగినది. నూరు రూపాయలను ఒక్క పండుగనాడు ఖర్చు చేయుటకును, నెలదినములు పొదుపుగా వాడుకొనుటకును ఎంత భేదమో వీనికిని అంతే భేదము.

తంత్రీవాద్యములన్నిటి మర్మమును ఇందే కలదు. తీగ సన్నని వస్తువు. అది ఎంత ఊగినను గాలిని కదలింపజాలదు. దాని ఊపును గుఱ్ఱము అందుకొని పలకకు ఇచ్చును. పలక వెడల్పైనది గనుక గాలిని కదలించును. పలక ఎక్కువగా తీసికొన్నచో నాదము గట్టిగా పలుకును, త్వరగా ఆఱును. తక్కువగా తీసికొన్నచో మెల్లగా పలుకును, చాలసేపు నిలుచును. బలమును, నిలుకడయు ఒకే కొట్టునుండి పంచుకొనవలసిన ధాన్యము. వీణ చేయువాని నేర్పంతయు ఆ పంపకమునందే యున్నది.

దీనిని పాఠశాల పత్రికలో వ్రాయుటకు కారణము కలదు. మన ప్రాంతపు పిల్లలు వీణయో, గిటారో కావలెనని అడుగుచున్నారు. తలిదండ్రులు అంగడికి పోయి మెఱుగును, నగిషీని చూచి కొని తెచ్చుచున్నారు. ఆఱునెలలకు పిల్లవాని చేతిలో స్వరము నిలువకున్నచో, వీనికి చెవి లేదు, చేయి తిరుగదు అని అందురు. పిల్లవాడును నమ్మును. లోపము కొయ్యలో నుండి, నింద పిల్లవానిపై పడుట అన్యాయము. కాబట్టి కొయ్యను గూర్చి కొంత తెలిసికొందము.

విజయనగరము జిల్లాలో బొబ్బిలికి సమీపమున గొల్లపల్లి యను గ్రామము గలదు. బొబ్బిలి వీణ యని లోకము పిలుచునది అక్కడి సర్వసిద్ధి వంశముల వారి చేతిపని. బొబ్బిలి సంస్థానపు ఆదరణమున వేళ్లూనిన ఆ విద్య సంస్థానములు పోయిన పిదపను నిలిచియున్నది. భౌగోళిక గుర్తింపును గూడ పొందినది. ఆ వీణకు వాడు కొయ్య పనస. తంజావూరు వీణయు పనసకొయ్యదే. పణ్రుట్టి ప్రాంతపు పనస అందుకు పేరుపొందినది. మన పిల్లలు తమిళ సహపాఠులతో మాటలాడునప్పుడు పలామరము అను చెట్టే యిది.

పనసయే యేల? బూరుగు పలకను వ్రేలి కణుపుతో తట్టి చూడుడు. మెత్తగా, మూగగా పలుకును. ఊపును లోలోపలనే మ్రింగివేయును. మిక్కిలి బరువైన కొయ్య ఇంకొక విధముగా మొండికెత్తును. తీగ దానిని కదలింపలేదు. ఆరిన పనస ఈ రెంటికి నడుమ నుండును. నీటికంటె చాల తేలిక, ఐనను గట్టి. తొలిచి పలుచన చేసినను సులువుగా పగులదు, చెదపురుగునకు సులభముగా లొంగదు. కొయ్య నార పోవు దిక్కు గూడ ముఖ్యము. గాలిలో ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. కొయ్యలో నార వెంబడి 3000 మొదలు 5000 మీటర్ల వరకు పోవును. నారకు అడ్డముగా ఐనచో అందులో మూడవ వంతో, నాలుగవ వంతో మాత్రమే. కావుననే దండి పొడవునను నార నేరుగా సాగవలెను. ముడులున్న చోట, నార మెలికపడిన చోట ఊపు చెదరిపోవును.

గుడిగంట వినుచు పెరిగిన పనసమ్రాను వీణకు శ్రేష్ఠమని పెద్దలు చెప్పుట కలదు. గంటను విని చెట్టు నాదమును నేర్చుకొనునని మేము నమ్మము. కాని గుడి దాపున నున్న చెట్టును ఎవరును తొందరపడి నఱకరు. అది బాగుగ ముదిరి చేవదేరును. ఆ మాటలోని నిజము అంతవరకు కలదని మా అభిప్రాయము.

చెట్టు మంచిదైనంతనే చాలదు, ఆరవలెను. పచ్చికొయ్య కణములలో నీరు నిండి యుండును. ఆ తడి ఊపును అణచివేయును. అంతకంటె పెద్ద చిక్కు ఏమనగా, ఆరునప్పుడు కొయ్య అన్ని దిక్కులను సమముగా కుంచించుకొనదు. నార పొడవున దాదాపు కుంచించుకొననే కుంచించుకొనదు. అడ్డముగా బాగుగ కుంచించుకొనును. కావున పచ్చికొయ్యతో చేసిన కుండ కోలగా మాఱును, పలక లేచును, దండి వంగును. దండి వెండ్రుకవాసి వంగినను తీగ మెట్టును ఒరయుచు బరబర మనును. మన జిల్లాలోనే చూడుడు. కాట్టుపల్లి మొదలు పళవేర్కాడు వరకు గల తీరపు ఊళ్లలో సముద్రపు తేమ సంవత్సరమంతయు గాలిలో నుండును. తిరుత్తణి వైపు మే నెలలో వీచునది ఎండగాలి. బాగుగ ఆరిన కొయ్య యీ రెండు గాలులను ఓర్చుకొనును. సగము ఆరిన కొయ్య తీరమున ఉబ్బి, మెట్టప్రాంతమున బీటవాఱును.

ఇక్కడ చేతిపనివాని కష్టమును గూర్చి ఒక మాట. దుంగను నేడు కొని, నీడను పెట్టి, ఆరువరకు వేచియుండుట అనగా డబ్బును అంతకాలము మూలబెట్టుటయే. పెట్టుబడి లేనివాడు ఎట్లు వేచియుండగలడు? అంగడిలో బేరమాడి మనము తగ్గించిన ప్రతి వందయు నగిషీనుండి పోవునని తలంతుము. చాలసార్లు అది కొయ్య ఆరుటకు పట్టు కాలమునుండి పోవును. పువ్వులును, లతలును కంటికి కనబడును. ఆరిన కాలము కనబడదు.

బొబ్బిలివారి ఏకాండి వీణకు పెద్ద పేరు. కుండయు, దండియు, యాళిముఖముతో కూడిన తలయు ఒకే మ్రానునుండి తొలిచి తీసినదానికి ఏకాండి యని పేరు. అందుకు లావైన మ్రాను కావలెను. కొయ్యలో మిక్కిలి భాగము చెత్తుగా పోవును. చివరి దినమున బీట కనబడినచో పని యంతయు వృథ. అతుకులు లేవు గనుక తీగ ఊపు ఒక కొననుండి మఱియొక కొనకు ఆటంకము లేక పోవును. అయితే అతుకు వీణ యనగానే తీసివేయుట న్యాయము గాదు. అతుకున జిగురు పలుచగా పట్టి, కొయ్య కొయ్యను బిగువుగా అంటియున్నచో నష్టము స్వల్పము. వదులైన అతుకు మాత్రము నాదమునకు చిల్లి. పచ్చి ఏకాండికంటె ఆరిన అతుకు వీణయే మేలని మేము నిస్సంశయముగా చెప్పుదుము.

ఇక గుఱ్ఱము. కొయ్య పీఠముపై లోహపు రేకు పఱచి, తీగలను దానిమీదుగా పోనిత్తురు. తమిళులును దీనిని కుదిరై యనియే అందురు. తీగలను మోయునది గనుక రెండు భాషలవారికిని ఒకే జంతువు తోచినది కాబోలు. ఆ రేకు పైభాగము చదునుగా నుండదు, కొద్దిగా వంపుతిరిగి యుండును. ఆ వంపును శాస్త్రదృష్టితో పరిశీలించినవాడు బాల్యమున విశాఖపట్టణమున చదువుకొన్న చంద్రశేఖర వేంకట రామన్. ఆయన 1930 లో నోబెల్ బహుమానమును పొందుటకు ముందే, 1921 లో, భారతీయ తంత్రీవాద్యములను గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. తీగను ఏ బిందువున మీటుదుమో ఆ బిందువున నిశ్చలముగా నుండవలసిన ఉపస్వరములు పుట్టరాదని పాశ్చాత్యుల నియమము. తీగను నడుమ మీటినచో రెండవ ఉపస్వరము ఉండరాదు. వీణయందును, తంబురయందును అది స్పష్టముగా వినబడునని రామన్ చూపెను. కారణము ఆ వంపే. తీగ ఊగినప్పుడెల్ల రేకును కొంత మేర అంటుచు, విడుచుచు నుండును. ఆ స్పర్శలో ఉపస్వరములు మరల మరల పుట్టును. వీణనాదములోని నిండుదనములో కొయ్యతోపాటు ఈ రేకుకును గొప్ప పాలు కలదు. ఆకురాయి నాలుగు మాఱులు ఎక్కువ తగిలినచో ఆ నాదము చెడును.

మెట్లను గూర్చి కొద్దిగా. వీణకు తంత్రులు 7, మెట్లు 24. ఈ 24 మెట్ల ఏర్పాటు 17వ శతాబ్దమున తంజావూరు నేలిన తెలుగు రాజు రఘునాథనాయకుని కాలమున స్థిరపడెనని సంప్రదాయము. లోహపు మెట్లను మసి కలిపిన మైనములో నాటుదురు. ఎండకు మైనము మెత్తబడును, మెట్టు కదలును. అందుచేత కొంతకాలమునకు ఒకమాఱు మేళము కట్టింపవలసి వచ్చును.

గిటారు కొనువారికి ఈ పాఠము తలక్రిందుగా వర్తించును. ఎలక్ట్రిక్ గిటారులో తీగల క్రింద అయస్కాంతమును, దానిచుట్టు వేలకొలది చుట్లు చుట్టిన సన్నని రాగితీగయు నుండును. ఉక్కుతీగ ఊగినప్పుడు రాగిచుట్టలో విద్యుత్తు పుట్టును. దానిని పెద్దది చేసి లౌడుస్పీకరునకు పంపుదురు. కావున గాలిని కదలించు పని కొయ్యకు లేదు. అమెరికాలో 1932 లో అమ్మకమునకు వచ్చిన తొలి ఎలక్ట్రిక్ గిటారు కొయ్యతో చేసినది కానే కాదు. అల్యూమినియమును పోతపోసి చేసినది. దాని ఆకారమును చూచి జనులు వేపుడు పెనమని పేరుపెట్టిరి. వీణకొయ్య శక్తిని అందుకొని గాలికి ఈయవలెను. ఈ గిటారుకొయ్య శక్తిని తీసికొనక ఊరకుండవలెను. ఊరకుండుటయే దాని గుణము.

అట్లైనచో కొయ్య యేదైన నొకటియేనా? కాదు. దండి సన్నగా, పొడవుగా నుండును గనుక అది తానును ఊగును. ఒక స్వరపు కంపనసంఖ్యయు, దండి సహజ కంపనసంఖ్యయు కలిసినచో, దండి ఆ స్వరపు శక్తిని దొంగిలించును. ఆ యొక్క మెట్టున నాదము చటుక్కున చచ్చిపోవును. జర్మనీలో ఫ్లైషర్, త్స్వికర్ అను శాస్త్రజ్ఞులు 1990 దశకమున కొలతలు తీసి దీనిని చూపిరి. నిలుకడ చాలవఱకు దండి బిగువుపైనను, దండియు మొండెమును కలియు చోటుపైనను, తీగ రెండు కొనలు ఆను చోట్లపైనను ఆధారపడును. మహాగనియా, మేపులా యని మొండెపు కొయ్యపై జరుగు వాదములు మాకు అంత ముఖ్యముగా తోచవు. నాదపు రంగును ఎక్కువగా మార్చునది తీగయు, అయస్కాంతపు చుట్టయును.

ఈ తత్త్వమును కర్ణాటక సంగీతమునకు తెచ్చినవాడు మన తెలుగు బిడ్డయే. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లున 1969 లో పుట్టి 2014 లో చెన్నైలో అస్తమించిన ఉప్పలపు శ్రీనివాస్. మామూలు మాండొలినులో జంటజంటలుగా ఎనిమిది తీగలుండును; దాని నాదము క్షణములో ఆఱును. అందుచే పాశ్చాత్యులు తీగను మరల మరల మీటుచు స్వరమును నిలుపుదురు. గమకమునకు అది పనికిరాదు. ఒక్క మీటులో పుట్టిన నాదము చావకముందే వ్రేలు స్వరమునుండి స్వరమునకు జాఱవలెను. శ్రీనివాస్ గట్టి మొండెమును, ఐదు ఒంటితీగలును గల ఎలక్ట్రిక్ మాండొలినును చేపట్టెను. నిలుకడ చేకూరినది, దానితో గమకమును చేకూరినది. పిల్లవాని చేతిలోని ఆ చిన్న వాద్యమును పెద్ద విద్వాంసులు చెవియొగ్గి వినిరి.

వాద్యమును కొనబోవువారు గడియారమును తోడ తీసికొనిపోవలెను. మొదట తీగను దేనిని నొక్కక మీటి, నాదము పూర్తిగా ఆఱువరకు సెకనులు లెక్కపెట్టవలెను. తరువాత ఒక్కొక్క మెట్టున నొక్కి, అదే బలముతో మీటి లెక్కపెట్టవలెను. పైమెట్లకు పోనుపోను కాలము కొంత తగ్గుట సహజము. ఒక్క మెట్టున మాత్రమే నాదము చచ్చినచో, వీణయైనచో మైనము విడిచినదేమో చూడవలెను. అది మేళము కట్టువానితో తీఱు పని. గిటారైనచో దండి బిగించిన మరలను చూపింపవలెను. ఒక తీగ అన్ని మెట్లయందును మూగయైనచో ఆ తీగనే మార్చవలెను. తీగలన్నియు, మెట్లన్నిటియందును, త్వరగా మూగవోయినచో లోపము కొయ్యలోనో, గుఱ్ఱమునందో యున్నది. పెట్టె యెంత మెఱయుచున్నను దానిని అంగడిలోనే విడిచి రావలెను.