ఎనుబది రూపాయల మూలధనము

ధర్మార్థకామమోక్షములను నాలుగు పురుషార్థములలో మన పెద్దలు అర్థమునకు సముచిత స్థానమొసగిరి. కాని దానిని ధర్మమునకు వెనుకనే నిలిపిరి. ఈ వరుస కేవలము నీతిబోధయని తలచువారు పెక్కురు. వ్యాపారము చిరకాలము నిలుచుటకు గూడ ఈ వరుసయే ఆధారమని ఒక చిన్న పరిశ్రమ చరిత్ర మనకు తెలుపుచున్నది.

1959వ సంవత్సరము మార్చి 15వ తేదీన బొంబాయి నగరమందలి గిర్గాం ప్రాంతమున ఏడుగురు గుజరాతీ గృహిణులు ఒక పాత భవనము మేడపై కూర్చుండి అప్పడములు ఒత్తిరి. వారి చదువు అంతంతమాత్రము. చేత ధనము లేదు. వారెరిగిన విద్య వంటయింటి విద్యయే. ఛగన్‌లాల్ పారేఖ్ అను సంఘసేవకుని వద్ద 80 రూపాయలు అప్పు తెచ్చుకొనిరి. తొలినాడు సిద్ధమైనవి నాలుగు పొట్లములు మాత్రమే. నేడు దేశమంతటను లిజ్జత్ అప్పడములను పేర ప్రసిద్ధిగాంచిన సంస్థకు అదియే బీజము.

ఆరంభముననే వారొక నియమము చేసికొనిరి: నష్టము వచ్చినను ఎవరినీ విరాళమడుగరాదు. ఇందలి వివేకము గమనింపదగినది. దానముగా వచ్చిన ధనము ఖర్చైపోయినను అడుగువారుండరు. అప్పు తీర్చవలసినవాడు ప్రతి పైసకును తనకు తానే లెక్క చెప్పుకొనవలయును.

వారు మేలురకము, చౌకరకము అని రెండు విధముల అప్పడములు చేయుచుండిరి. మేలురకమునే చేయుడనియు, నాణ్యమును ఎన్నడును తగ్గింపవలదనియు, లెక్కలు సక్రమముగా వ్రాయుడనియు పారేఖ్ గారు హితవు చెప్పిరి. చౌకసరుకు నేటి అమ్మకమును పెంచవచ్చును. కాని ఒకమారు నిరాశచెందిన గృహిణి ఆ అంగడి మెట్లు మరల ఎక్కదు.

అంతలో వానకాలము వచ్చెను. ఎండ లేనిదే అప్పడములు ఆరవు. నాలుగు మాసములు పని నిలిచిపోయెను. ఎందరో ఇట్టి సమయముననే వ్యాపారమును విడిచిపెట్టుదురు. మరుసటి యేడు వారొక మంచమును, ఒక పొయ్యిని కొనిరి. మంచముపై అప్పడములు పరచి, క్రింద పొయ్యి నుంచి ఆరబెట్టిరి. ఆపదకు విరుగుడు తమ స్తోమతు మేరకే వెదకికొనిరి.

పనిచేయు ప్రతి స్త్రీయు అందు యజమానురాలే. లాభమునందును నష్టమునందును అందరికిని భాగము కలదు. 1966లో ఆ సంస్థ సంఘముగా నమోదయ్యెను. వ్యవస్థాపకులలో నొకరైన జశ్వంతీబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ లభించినది.

ధర్మముగా నడచిన ప్రతి వ్యాపారమును వర్ధిల్లునని చెప్పజాలము. నిజాయితీపరుల అంగళ్లును మూతపడుట మనము చూచుచునే యున్నాము. ఇంటిఖర్చును, అంగడి పెట్టుబడిని ఒకే పెట్టెలో కలుపువాడు ఎంత సత్యవంతుడైనను మునుగును. ఎరువు సొమ్ముతో శక్తికి మించి విస్తరించువాడును అంతే. కావున సత్యమునకు లెక్కయు, ఉత్సాహమునకు మితియు తోడు కావలయును.

స్వంత వ్యాపారము ప్రారంభింపనెంచు పాఠకుడు మొదట మూడు ప్రశ్నలు వేసికొనుగాక. నేను అమ్ము సరుకును నా బిడ్డలకు పెట్టుదునా? నేటి రాత్రి లెక్క చూచుకొనగలనా? నాతో శ్రమించువారికి నా లాభమున పాలు కలదా? వీనికి ఔనని చెప్పగలిగినవాడు 80 రూపాయలతోనైనను ప్రారంభింపవచ్చును. చెప్పలేనివానికి లక్షలున్నను అది అరువు తెచ్చిన బలమే.