స్కాన్ బాగున్నా మతిమరుపు ఎందుకు?

ప్రశ్న: నాన్నగారికి 72 ఏళ్లు. రెండు నెలల క్రితం స్కూటర్ మీంచి పడ్డారు. అప్పుడు సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు. ఇప్పుడు చిల్లర లెక్క తప్పుతున్నారు, తెలిసిన దారీ మరుస్తున్నారు. వయసేనా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: వయసని వదిలేయకండమ్మా. పెద్దవాళ్లలో దెబ్బ తగిలిన వారాల తర్వాత మెదడు పైపొరల కింద రక్తం మెల్లగా చేరవచ్చు. తొలిరోజు స్కాన్‌లో అది కనబడకపోవచ్చు. రేపే న్యూరాలజిస్టుకు చూపించి మళ్లీ సీటీ తీయించండి. మగత, వాంతులు, ఒక పక్క బలహీనత ఉంటే ఈ క్షణమే. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి. రక్తం చేరిందని తేలినా, ఆపరేషన్‌తో చాలామంది కోలుకుంటారు.

స్కాన్ మామూలుగా ఉంటే బీ12, థైరాయిడ్, ఆపైన జ్ఞాపకశక్తి పరీక్షలు. అవి ఆయన భాషలో, ఆయన చదువుకు తగ్గట్టు జరగాలని పట్టుబట్టండి. మతిమరుపు విషయంలో భాష ప్రభావం చిన్నది కాదు: హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులపై చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి.