మధుమేహానికి మెంతులా, గుళికలా?

ప్రశ్న: మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నా హెచ్‌బీఏ1సీ 8 దగ్గరే ఉంటున్నప్పుడు మెంతుల పొడి, కాకర గుళికలు, పొడపత్రి, దాల్చినచెక్క, క్రోమియం బిళ్లల్లో ఏది మేలు? వాటితో మందులు మానవచ్చా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మందులు మానకూడదు. సుమారు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీని మందులకు దీటుగా అదుపులో ఉంచుతుందనడానికి ఈ ఐదింటిలో దేనికీ గట్టి ఆధారం లేదు.

కాస్త నమ్మదగినవి మెంతులే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1990లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, కొవ్వు తీసిన మెంతుల పొడిని రోజుకు 100 గ్రాముల చొప్పున రెండు పూటల భోజనంలో కలిపి టైప్-1 మధుమేహులకు పది రోజులు పెట్టగా, పరగడుపు చక్కెర తగ్గడమే కాక మూత్రంలో పోయే గ్లూకోజు 54 శాతం తగ్గింది. మెంతుల జిగురు, అంటే నీటిలో కరిగే పీచు, పేగులో చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. అయితే దుకాణంలో దొరికే గుళికలో ఉండేది సాధారణంగా అర గ్రాము పొడి. వంద గ్రాములతో వచ్చిన ఫలితాన్ని దానికి అంటగట్టడం వ్యాపారమే గాని వైద్యం కాదు. నానబెట్టిన మెంతులు చెంచాడు తినదలచినవారు, పీచు మందును కూడా పట్టి ఉంచే వీలున్నందున, మాత్రలకూ వాటికీ రెండు గంటల ఎడం ఉంచుకోవాలి.

కాకర గుళికలపై జరిగిన పరీక్షల ఫలితాలు ఒకదానికొకటి పొసగలేదు. పొడపత్రి ఆకు నమిలితే నాలుకకు కాసేపు తీపి తెలియని మాట నిజమే కాని, నాలుకకు తెలియనంత మాత్రాన రక్తంలో చక్కెర తగ్గినట్టు కాదు. బజారులో ఎక్కువగా అమ్ముడయ్యే కాసియా రకం దాల్చినచెక్కలో కౌమరిన్ అనే పదార్థం ఉంటుంది కనుక, దాని పొడిని రోజూ అధికంగా వాడితే కాలేయం దెబ్బతినవచ్చు. క్రోమియం లోపం చాలా అరుదు. లోపం లేనివారికి బిళ్లలతో ఒనగూడేది అనుమానమే.

గ్లిమిపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తుంది. దానికి కాకర, పొడపత్రి తోడైతే చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు, మైకం రావచ్చు. అందువల్ల ఏది మొదలుపెట్టినా వైద్యునికి ముందే చెప్పాలి.

పళ్లెంలోని అన్నం సంగతి వేరు. మార్టేరు పరిశోధన కేంద్రం రూపొందించిన స్వర్ణ బియ్యం చక్కెరను కొంత నిదానంగా పెంచుతుందని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పరీక్షల్లో తేలినా, రెండోసారి వడ్డించుకుంటే ఆ లాభం మిగలదు.

ఇక మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడేవారు అడగవలసింది బి12 పరీక్ష. ఈ మందు వల్ల బి12 విటమిను తగ్గి అరికాళ్లలో తిమ్మిర్లు వస్తే, వాటిని మధుమేహం వల్ల వచ్చిన నరాల జబ్బుగా పొరబడే అవకాశం ఉంది. లోపం తేలినవారికి ఆ విటమిను బిళ్లలో, ఇంజక్షన్లో తప్పక ఇవ్వాలి.