బొమ్మ నుంచి బట్ట దాకా: బొగ్గుబాయి పిల్లలకు డిజైన్ దారి

గోదావరిఖనిలో ఇంటర్ పాసైన పిల్లల ముందు పెద్దలు పెట్టే జాబితా చిన్నదే. ఐటీఐ ఫిట్టర్, మైనింగ్ డిప్లొమా, బీటెక్, డీఎస్సీ, అవేవీ కాకపోతే నాన్న తర్వాత వచ్చే డిపెండెంట్ ఉద్యోగం. ఒకప్పుడు లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల చుట్టుపక్కలకు వచ్చింది. భూగర్భ గనుల చోట ఓపెన్‌కాస్ట్ గనులు (ఓసీపీలు), తట్టా చెమ్మాస్‌ల చోట యంత్రాలు వచ్చాయి. జాబితా పెంచుకోక తప్పని కాలం ఇది. నోట్‌బుక్ వెనక పేజీల్లో బొమ్మలు గీసే అమ్మాయిలు, అబ్బాయిలు ప్రతి కాలనీలోనూ ఉన్నారు. వాళ్లకు పనికొచ్చే రెండు వృత్తుల గురించి ఈ వ్యాసం: ఇలస్ట్రేషన్, టెక్స్‌టైల్ డిజైన్.

ముందే ఒక మాట. బొమ్మ బాగా గీయడం ఈ రంగంలో ప్రవేశ రుసుము మాత్రమే. గీసిన బొమ్మ ఎక్కడికి వెళ్తుందో, అంటే అచ్చుకా, మగ్గానికా, ప్రింటింగ్ టేబుల్‌కా అన్నది తెలిసి గీసేవాళ్లకే పని దొరుకుతుంది.

రెండు వృత్తులు, ఒకే చెయ్యి

కథకో వ్యాసానికో పాఠానికో ప్యాకెట్‌కో బొమ్మ వేసేవారు ఇలస్ట్రేటర్. చీర అంచు, కొంగు, దుప్పటి, కర్టెన్, చొక్కా గుడ్డ మీద ఏ రూపం, ఏ రంగు, ఏ నేత ఉండాలో నిర్ణయించేవారు టెక్స్‌టైల్ డిజైనర్. కాలేజీల్లో ఇవి వేర్వేరు విభాగాలు. జీవితంలో మాత్రం చాలామంది రెండూ చేశారు.

కె.జి. సుబ్రమణ్యన్‌నే తీసుకోండి. పేరున్న చిత్రకారుడు, బరోడాలో గురువు. 1959లో బొంబాయిలోని అఖిల భారత చేనేత బోర్డులో డిజైన్ విభాగం డిప్యూటీ డైరెక్టర్‌గా చేరారు. పిల్లల పుస్తకాలూ రాసి, బొమ్మలు వేశారు. జోగెన్ చౌధురి కూడా పెద్ద పేరు రాకముందు మద్రాసులో చేనేత డిజైనర్‌గా పనిచేశారు.

మన దగ్గరికొస్తే, సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్న తోట వైకుంఠం పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టారు. ఆయన గీసిన తెలంగాణ స్త్రీలను ఒకసారి బట్టల కోసమే చూడండి. చీర రంగు, అంచు వెడల్పు, రవిక మీది చుక్క, నుదుటి బొట్టు అన్నీ కలిసి ఒకే డిజైన్‌గా నిలుస్తాయి. ‘దాసి’ సినిమా కళా దర్శకత్వానికి ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. చేనేత కుటుంబం నుంచి వచ్చిన ఏలే లక్ష్మణ్ పుస్తకాలకు ముఖచిత్రాలు వేశారు, చిత్రాలు గీశారు, 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నానికి రూపమిచ్చారు. పల్లెలో పుట్టి, అక్కడి జనాన్నీ బట్టనూ వదలకుండా గీసినవాళ్లే వీళ్లిద్దరూ.

బట్ట మీద బొమ్మకు లెక్కుంది

కాగితం మీద బొమ్మ ఒక చోట మొదలై ఒక చోట ముగుస్తుంది. బట్ట మీద ముగియదు. అదే రూపం మీటర్ల కొద్దీ తిరిగి తిరిగి రావాలి, అతుకు కనిపించకూడదు. దీన్నే ‘రిపీట్’ అంటారు. దీనికి కంప్యూటర్ లేకపోయినా ఫర్వాలేదు, ఈ రోజే ఇంట్లో చేసి చూడండి.

ఒక చదరపు కాగితం మధ్యలో తంగేడు రెమ్మ గీయండి. అంచులకు తగలనివ్వొద్దు. కాగితాన్ని నిలువుగా సగానికి కత్తిరించి, కుడి ముక్కను ఎడమకు, ఎడమ ముక్కను కుడికి మార్చి వెనక టేపు వేయండి. తర్వాత అడ్డంగా కత్తిరించి, పైదాన్ని కిందికి, కిందిదాన్ని పైకి మార్చి మళ్లీ అతికించండి. మీ రెమ్మ ఇప్పుడు నాలుగు మూలల్లో ముక్కలై ఉంటుంది, మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో గునుగు పూలు నింపండి. ఈ కాగితాన్ని జిరాక్స్ తీసి పక్కపక్కన పేర్చితే గీతలన్నీ కలిసిపోతాయి. నిలువు వరుసల్లో ఒకటి విడిచి ఒకదాన్ని సగం కిందికి జరిపే పద్ధతిని ‘హాఫ్ డ్రాప్’ అంటారు (దానికి ముక్కలు మార్చే తీరు వేరు), అందులో రిపీట్ కంటికి గళ్లు గళ్లుగా కనిపించదు. ఫిన్లాండ్ డిజైనర్ మైయా ఇసోలా 1964లో వేసిన ‘ఉనిక్కో’ అనే పెద్ద పూల ప్రింట్‌ను మరిమెక్కో సంస్థ ఈనాటికీ అమ్ముతోంది. ఒక్క మంచి రిపీట్ ఎంత కాలం బతుకుతుందో దాన్ని చూస్తే తెలుస్తుంది.

నేతకు వస్తే లెక్క ఇంకా గట్టిది. 240 హుక్కుల జకార్డ్ మీద, హుక్కుకు ఒక పోగు చొప్పున, మీ పువ్వు వెడల్పు 240 పోగుల్లో ఇమడాలి. ఆ తర్వాత మళ్లీ అదే పువ్వు వస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌లో గ్రాఫ్ కాగితం మీద గీసిన నమూనా ప్రకారం నేతకు ముందే నూలును కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు దగ్గర రంగు కొంచెం పాకుతుంది కాబట్టి గీత అంచు మసకగా వస్తుంది. అక్కడ సన్నని వంపు గీత గీసిస్తే మగ్గం మీద అది మిగలదు. పుట్టపాక తేలియా రుమాల్ అందమంతా ఎరుపు, నలుపు, తెలుపుల పట్టులోనే ఉంది. రంగులు పెంచినంత మాత్రాన డిజైన్ పెరగదని అది నేర్పుతుంది.

మీకు దగ్గర్లోనే మరో పాఠశాల ఉంది. చెన్నూరు, మహదేవపూర్ అడవుల్లో మద్ది చెట్ల మీద పెరిగే పురుగు నుంచి దసలి పట్టు వస్తుంది. ఆ దారం సహజంగానే తేనె రంగులో, ఎగుడుదిగుడుగా ఉంటుంది. చిన్న చిన్న బుటాలు అందులో కలిసిపోతాయి. వెడల్పు చారలు, నిండైన అంచులు, అచ్చు పనులు నిలబడతాయి. సెలవుల్లో మహదేవపూర్ వెళ్లి మగ్గం పక్కన కూర్చుని చూస్తే, ఏ గీత నేతకు ఒప్పుతుందో, ఏది ఒప్పదో నేతన్న చేతుల్లోనే కనిపిస్తుంది.

పుస్తకం పేజీకీ నియమాలున్నాయి

పిల్లల బొమ్మల పుస్తకం తరచు 24 లేదా 32 పేజీలు. కథ చేతికి రాగానే రంగులు తీయకూడదు. ముందు తపాలా బిళ్లంత చిన్న చిన్న గళ్లలో పేజీలన్నీ వేసుకోవాలి. తర్వాత రఫ్, ఎడిటర్ ఒప్పుకున్నాక ఫైనల్. ఎదురెదురు పేజీల మీద పరచుకునే బొమ్మలో కుట్టు పడే చోట ముఖం రాకూడదు. అక్షరాలకు జాగా వదలాలి. అచ్చుకు 300 డీపీఐ, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ ఉంచడం మామూలు పద్ధతి. ఈ నియమాలు తెలిసినవారికి రెండో పుస్తకం కూడా ఇస్తారు. హైదరాబాద్‌లో మంచి పుస్తకం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్, చెన్నైలో తూలిక, తారా బుక్స్, బెంగళూరులో ప్రథమ్ బుక్స్ పుస్తకాలు ఎదుట పెట్టుకుని, బొమ్మ ఎక్కడ మొదలై కథను ఎక్కడికి లాక్కెళ్తుందో గమనించండి.

ఎక్కడ చదవాలి?

ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా ఈ డిజైన్ డిగ్రీల్లో చాలావాటికి అర్హత ఉంటుంది. సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లలు వెనక్కి తగ్గాల్సిన పని లేదు.

నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ): హైదరాబాద్ మాదాపూర్ క్యాంపస్ 1995 నుంచి ఉంది. టెక్స్‌టైల్ డిజైన్‌లో నాలుగేళ్ల బీడిజైన్ చేయొచ్చు. ప్రవేశ పరీక్షలో సృజనాత్మకతకు ఒక పేపర్, సాధారణ సామర్థ్యానికి ఒక పేపర్ ఉంటాయి. ఆ తర్వాత సిచ్యువేషన్ టెస్ట్‌లో ఇచ్చిన వస్తువులతో అక్కడికక్కడే నమూనా చేసి చూపాలి.

ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్): 1961లో అహ్మదాబాద్‌లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో మరో ఎన్‌ఐడీ ఉంది. ప్రిలిమ్స్, మెయిన్స్ రెండు దశలు. మెయిన్స్‌లో చేతిపని, ఆలోచన రెండూ చూస్తారు.

ఐఐటీ హైదరాబాద్: యూసీడ్ పరీక్ష రాసి బీడిజైన్‌లో చేరొచ్చు. బొమ్మతో పాటు లాజిక్, గణితం మీద పట్టున్నవాళ్లకు సరిపోతుంది.

జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ): హైదరాబాద్‌లోని ఈ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బీఎఫ్‌ఏ అప్లైడ్ ఆర్ట్, పెయింటింగ్, యానిమేషన్ ఉన్నాయి. ఇలస్ట్రేటర్ కావాలనుకునేవారికి అప్లైడ్ ఆర్ట్ సూటి దారి. జాతీయ సంస్థలతో పోలిస్తే ఫీజు భారం తక్కువ.

చేనేత డిప్లొమా: కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో 2024లో హైదరాబాద్‌లో చేనేత సాంకేతిక సంస్థ మొదలైంది. ఇక్కడ మూడేళ్ల డిప్లొమా ఉంది. మగ్గాన్ని లోపలి నుంచి తెలుసుకోవాలనుకునేవారికి ఇది మంచి పునాది.

నిఫ్ట్, ఎన్‌ఐడీ, యూసీడ్ ప్రకటనలు సాధారణంగా ఇంటర్ పరీక్షలకు నెలల ముందే వస్తాయి. ఇంటర్ ఫలితాల దాకా ఆగితే ఆ ఏడాది పోయినట్టే. ఫీజులు లక్షల్లో ఉంటాయి కాబట్టి స్కాలర్‌షిప్, విద్యారుణం, రిజర్వేషన్ వివరాలు దరఖాస్తు సమయంలోనే చూసుకోండి.

కాలేజీకి వెళ్లలేని పరిస్థితి ఉంటే? సింగరేణి సేవా సమితి కార్మిక కుటుంబాల మహిళలకు కుట్టుపని, ఫ్యాషన్ డిజైనింగ్ శిక్షణ ఇస్తుంటుంది. బట్ట ఎలా పడుతుందో, ఎలా సాగుతుందో చేతికి తెలియడానికి అది పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేకపోతే క్రిటా, ఇంక్‌స్కేప్ ఉచితం.

పోర్ట్‌ఫోలియోకు సరుకు ఇక్కడే ఉంది

ఉద్యోగానికీ, కొన్ని కోర్సుల్లో ప్రవేశానికీ మార్కుల మెమోతో పాటు పోర్ట్‌ఫోలియో అడుగుతారు. ఇంటర్నెట్‌లో చూసి దించిన సినిమా తారల ముఖాలతో దాన్ని నింపితే ఎంపిక చేసేవాళ్లు రెండో పేజీ తిప్పరు. వాళ్లు చూడని లోకం మీ దగ్గరుంది. మొదటి షిఫ్టు దిగి వచ్చే కార్మికుల టోపీ లైట్లు, ఓసీపీ మెట్ల పొరలు, బొగ్గు పైనుంచి తొలగించిన ఓబీ మట్టిదిబ్బల ఎరుపు-బూడిద వరుసలు, గోదావరి ఒడ్డున సమ్మక్క-సారలమ్మ జాతరలో బెల్లం బుట్టలు, సద్దుల బతుకమ్మ రాత్రి క్వార్టర్ల మధ్య పూల గుట్టలు.

ఒక అంశాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్లండి. ఉదాహరణకు ఓసీపీ పొరలు. స్థలంలో స్కెచ్‌లు వేసి, అక్కడి రంగులను వరుసగా చిన్న గళ్లలో పెట్టి, ఆ పొరలను చారలుగా మార్చి, రిపీట్ చేసి, మూడు రంగుల జతల్లో చూపించి, చివరికి దుప్పటి మీదో చీర కొంగు మీదో ఎలా ఉంటుందో గీయండి. మొదటి స్కెచ్ నుంచి చివరి బట్ట దాకా మీ ఆలోచన నడక కనిపించాలి. అదే అంశాన్ని నాలుగు పేజీల పిల్లల కథగా కూడా చేస్తే రెండు వృత్తుల తలుపులూ ఒకే అంశంతో తట్టినట్టే.

పని ఎక్కడ?

చదువు అయ్యాక ప్రింట్ డిజైనర్, నేత డిజైనర్, మర్చండైజింగ్ సహాయకులు, పుస్తక చిత్రకారులు, స్టోరీబోర్డు ఆర్టిస్టు, ప్యాకేజింగ్ డిజైనర్ లాంటి ఉద్యోగాలుంటాయి. తిరుప్పూర్‌లో అల్లిక దుస్తులు, కరూర్, పానిపట్‌లో ఇంటి వస్త్రాలు, సూరత్‌లో ప్రింట్లు ముఖ్య వ్యాపారాలు. దగ్గర్లో సిరిసిల్ల మరమగ్గాలు, వరంగల్ జిల్లా గీసుగొండ-సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్క్ ఉన్నాయి. జీ20 లోగోను నేసి ప్రధాని మన్ కీ బాత్‌లో ప్రస్తావనకు వచ్చిన వెల్ది హరిప్రసాద్ సిరిసిల్ల నేతన్నే. నేర్పున్న మగ్గం దగ్గర కొత్త నమూనాకు ఎప్పుడూ చోటుంటుంది. ‘ఛోటా భీమ్’ తీసిన గ్రీన్ గోల్డ్ లాంటి యానిమేషన్ సంస్థలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

కృత్రిమ మేధ క్షణాల్లో బొమ్మలు ఇస్తోందన్న భయం సహజమే. నిజంగానే పోస్టర్లు, చౌక ప్రింట్ల లాంటి పనులు కొన్ని తగ్గుతాయి. కానీ ఏ దారానికి ఏ రూపం ఒప్పుతుంది, ఆ ఊరి మగ్గం ఎంత మోయగలదు, కథలో ఏ క్షణాన్ని గీయాలి అన్న నిర్ణయాలు మనిషివే. మీ విలువ అక్కడ పెంచుకోండి.

సంతకం పెట్టే ముందు

ఈ రంగంలో కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఒప్పందం దగ్గర. నాలుగు విషయాలు గుర్తుంచుకోండి.

ఒకటి, ఉద్యోగంలో భాగంగా గీసినదాని హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. రెండు, ఫ్రీలాన్స్‌గా హక్కు రాసిచ్చినప్పుడు గడువు రాయకపోతే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. కాబట్టి ‘అన్ని హక్కులూ శాశ్వతంగా’ అన్న వాక్యం కనిపిస్తే ధర మళ్లీ మాట్లాడండి. మూడు, నమోదుకు అర్హమైన బట్ట డిజైన్‌ను నమోదు చేయించకుండా, మీరు గానీ మీ అనుమతితో మరొకరు గానీ పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి తయారు చేస్తే దానిపై కాపీరైట్ ఉండదు. 2000 డిజైన్ల చట్టం కింద నమోదు చేస్తే పదేళ్ల రక్షణ, మరో ఐదేళ్లు పొడిగింపు దొరుకుతాయి. నమోదుకు ముందే ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే ఆ డిజైన్ కొత్తదన్న అర్హతే పోవచ్చు. నాలుగు, పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. దాని రూపాన్ని ప్రింట్ చేసి ‘పోచంపల్లి’ పేరుతో అమ్మమనే పని ఒప్పుకోవద్దు.

డబ్బు దగ్గర మొహమాటం పనికిరాదు. పని మొదలుపెట్టే ముందు కొంత అడ్వాన్సు తీసుకోండి. ఎన్నిసార్లు మార్పులు చేయాలో, మధ్యలో పని ఆగిపోతే ఎంత ఇస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి.

ఇంట్లో ఎలా చెప్పాలి?

“బొమ్మలు గీస్తే బువ్వ ఎట్ల దొరుకుతది బిడ్డా?” అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ముప్పై ఏళ్లు మస్టర్ పడి కుటుంబాన్ని సాకిన తండ్రి ఆ మాట అడగడంలో తప్పు లేదు. జవాబుగా ఆవేశం వద్దు, లెక్క చూపండి: కోర్సు పేరు, ఫీజు, స్కాలర్‌షిప్, చదివాక దొరికే ఉద్యోగాలు, అవేవీ కుదరకపోతే రెండో దారి.

ఇంటర్ మొదటి ఏడాదిలో ఉంటే రోజూ చూసింది గీస్తూ, పాత ప్రశ్నపత్రాలు చేయండి. రెండో ఏడాదిలో ఉంటే ప్రకటనలు గమనించి రెండు పరీక్షలకైనా దరఖాస్తు పెట్టండి. డిగ్రీ అయిపోయి ఉంటే పీజీ డిజైన్ కోర్సులు చూస్తూ ఒక అంశం మీద పోర్ట్‌ఫోలియో కట్టండి. ఉద్యోగంలో ఉంటే దాన్ని వదలకుండా మొదటి చిన్న ఆర్డర్ చేసి, డబ్బు తెచ్చి ఇంట్లో పెట్టండి. మొదటి ఇన్‌వాయిస్ కంటే గట్టి వాదన ఇంకోటి లేదు.